కడుపు లేని చేపకు ఖనిజ లవణాలు: సంచిలో పోసిందెంత, ఒంటికి పట్టిందెంత

కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల్లో మేత వేసే తీరు చాలాకాలంగా ఒక పద్ధతిలో స్థిరపడింది. చెరువులో వరుసగా పాతిన కర్రలకు, వాటి మధ్య లాగి కట్టిన తాళ్లకు అడుగున రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ సంచులు వేలాడుతుంటాయి. తెల్లవారగానే పడవ మీద వచ్చే కూలీలు, రైతులు ‘డీఓబీ’ అని పిలుచుకునే నూనె తీసిన తవుడును, దానికి తోడు వేరుశనగ చెక్కనో పత్తి చెక్కనో ఆ సంచుల్లో నింపి వెళతారు. శీలావతి, బొచ్చె చేపలు రంధ్రాల దగ్గర మూతి పెట్టి పొడుచుకు తింటాయి. ఈ మేతలో కాస్త ఉప్పుతో పాటు తెల్లగానో బూడిద రంగులోనో ఉండే ఒక పొడి కూడా కలుస్తుంది. దానిని అందరూ మినరల్ మిక్చర్ అనే అంటారు. టన్ను మేతకు ఎన్ని కిలోలు కలపాలన్న చర్చ చెరువు గట్ల మీద తరచుగా జరుగుతుంది కానీ, కలిపిన దానిలో చేప రక్తంలోకి చేరేది ఎంత అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఖనిజ లవణాల విషయంలో అసలు లెక్క ఆ రెండో ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఖనిజాల విషయంలో చేప పశువుకు, కోడికి భిన్నమైన జీవి. పశువు తనకు కావలసిన కాల్షియం మొత్తాన్ని మేత నుంచి, తాగే నీటి నుంచి తెచ్చుకోవాలి. చేప మాత్రం నీటిలోనే మునిగి బతుకుతుంది కనుక, మొప్పల ద్వారా నీటిలోని కాల్షియాన్ని నేరుగా పీల్చుకోగలదు. కాల్షియం లేని నీటిలో పెంచిన అమెరికన్ క్యాట్‌ఫిష్‌కు మేతలో 0.45 శాతం కాల్షియం అవసరమైందని ప్రయోగాల్లో తేలింది కానీ, సాధారణ కాఠిన్యం ఉన్న నీటిలో, అందులోనూ ఏటా సున్నం చల్లే చెరువులో, ఆ అవసరం దాదాపుగా నీటి నుంచే తీరిపోతుంది. పాడి పశువుల కోసం తయారైన ఖనిజ మిశ్రమాల్లో కాల్షియానిదే పెద్ద వాటా. పాడి గేదెకు అది న్యాయమే. అదే సంచిని చేపల చెరువుకు మోసుకొచ్చినప్పుడు, ఖర్చులో ఎక్కువ భాగం చేపకు అప్పటికే అందుబాటులో ఉన్న వస్తువు మీద పెట్టినట్టవుతుంది. అది వృథాతోనే ఆగకపోవడానికి కారణం జింక్ ప్రస్తావనలో వస్తుంది.

భాస్వరం సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. మంచినీటి చెరువుల్లో కరిగి ఉండే భాస్వరం చాలా స్వల్పం, చేప దాన్ని నీటి నుంచి పీల్చుకోగలిగేదీ స్వల్పమే. కాబట్టి దానికి కావలసిన భాస్వరం యావత్తూ తిండి ద్వారానే రావాలి. ఎముకకు, పొలుసుకు కాల్షియంతో సమానంగా భాస్వరం అవసరం. కణాల్లో శక్తి మార్పిడికి, కొవ్వును కరిగించి ఇంధనంగా వాడుకోవడానికి కూడా అదే ఆధారం. అది చాలనప్పుడు చేప ముందుగా తన పొలుసుల నుంచి, ఎముకల నుంచి భాస్వరాన్ని కరిగించి తెచ్చుకుంటుంది. ఆ నిల్వ తరిగాక ఎదుగుదల మందగిస్తుంది, తిన్న మేతకు తగ్గ బరువు రాదు, ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది, చివరికి వెన్నెముక వంకర తిరగడం, తల ఎముకల ఆకారం చెడడం కనిపిస్తాయి. వంకర వెన్ను కనిపించే నాటికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అంతకు ముందు నెలల తరబడి సాగిన కొరతను చెరువు గట్టు మీద నిలబడి చూసి గుర్తించడం దాదాపు అసాధ్యం.

ఇక్కడ వచ్చే సహజమైన సందేహం ఒకటుంది. తవుడులో భాస్వరం తక్కువేమీ కాదు. నూరు కిలోల తవుడులో సుమారు ఒకటిన్నర కిలోకు పైగానే భాస్వరం ఉంటుంది. శీలావతి, బొచ్చెల కుటుంబానికే చెందిన కార్పు చేపకు మేతలో కావలసిన, ఒంటికి పట్టగల భాస్వరం 0.6 నుంచి 0.7 శాతం అని జపాన్ శాస్త్రవేత్తలు 1970 దశకంలోనే లెక్క తేల్చారు. కాగితం మీద చూస్తే తవుడు తినే చేపకు అవసరానికి రెట్టింపు భాస్వరం దొరుకుతున్నట్టే. అయినా కొరత ఎందుకు వస్తుందన్న దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి తవుడులో ఉంది, మరొకటి చేపలో ఉంది.

తవుడులోని భాస్వరంలో అత్యధిక భాగం ఫైటేట్ అనే రూపంలో బందీగా ఉంటుంది. ధాన్యపు గింజ తన మొలక కోసం భాస్వరాన్ని దాచుకునే గిడ్డంగి అది. ఆ గిడ్డంగి తాళం తీసే ఎంజైము ఫైటేజ్. ఆవు, గేదెల పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి కనుక వాటికి తవుడు భాస్వరం బాగానే పడుతుంది. చేప పేగులో ఆ ఎంజైము లెక్కకు వచ్చేంతగా ఉండదు. ఇక రెండో కారణం ఇంకా ఆసక్తికరమైనది. శీలావతి, బొచ్చె, మోసు, గడ్డి చేప వంటి కార్పు జాతి చేపలకు అసలు కడుపే లేదు. చేపను శుభ్రం చేసే వారెవరికైనా ఇది తెలిసిన విషయమే. శీలావతి పొట్ట కోస్తే చుట్టలు చుట్టుకుని ఉన్న, ఒంటి పొడవుకు ఎన్నో రెట్లున్న పేగు బయటకు వస్తుంది తప్ప, కొరమీనులోనో వాలుగలోనో కనిపించే సంచిలాంటి కడుపు కనిపించదు. కడుపు లేదంటే ఆమ్లం లేదు. ఆమ్లం లేకపోతే ఎముకల పొడిలోనూ చేప పొడిలోనూ ఉండే కాల్షియం ఫాస్ఫేట్ కరగదు. కరగనిది పేగు గోడ దాటదు.

ఈ తేడా ఎంత పెద్దదో అమెరికా జాతీయ పరిశోధన మండలి 1993లో చేపల పోషకావసరాలపై ప్రచురించిన పట్టికలు చూస్తే అర్థమవుతుంది. మోనో కాల్షియం ఫాస్ఫేట్‌లోని భాస్వరంలో కార్పు చేపకు 94 శాతం ఒంటికి పడుతుంది. కోళ్ల రైతులకూ పాడి రైతులకూ బాగా తెలిసిన డీసీపీ, అంటే డై కాల్షియం ఫాస్ఫేట్, నుంచి పట్టేది 46 శాతమే. ఎముక పొడికి దగ్గరగా ఉండే ట్రై కాల్షియం ఫాస్ఫేట్ నుంచి 13 శాతానికి మించదు. కడుపూ ఆమ్లమూ ఉన్న ట్రౌట్ చేపకు ఇవే మూడు పదార్థాల నుంచి 94, 71, 64 శాతం చొప్పున పడుతుంది. తవుడు దగ్గర మాత్రం కడుపు ఉన్నా పెద్దగా కలిసిరాదు. కార్పుకు పాతిక శాతం, ట్రౌట్‌కు 19 శాతం అందుతుంది. ఫైటేట్ తాళం ఆమ్లంతో తెరుచుకునేది కాదు మరి.

ఈ అంకెలను ఒక టన్ను తవుడు మేతకు అన్వయిస్తే పొడి సంచి మీద రాసే కిలోల లెక్క ఎంత మోసకారిదో తేలుతుంది. తవుడులో 1.6 శాతం భాస్వరం ఉందనుకుంటే టన్నులో 16 కిలోలు. అందులో పాతిక శాతం, అంటే 4 కిలోలు చేపకు పడుతుంది. అవసరం 6 నుంచి 7 కిలోలు కనుక లోటు రెండు మూడు కిలోలు, సగటున రెండున్నర అనుకుందాం. ఆ లోటును మోనో కాల్షియం ఫాస్ఫేట్‌తో పూడ్చాలంటే సుమారు 12 కిలోలు చాలు. డీసీపీతో అయితే 30 కిలోలు కావాలి. ట్రై కాల్షియం ఫాస్ఫేట్‌తో నూరు కిలోలకు పైమాటే, అంటే మేతలో పదో వంతు సుద్ద పొడి లాంటి పదార్థమే అవుతుంది. వాస్తవంలో చెక్కలు కూడా కలుస్తాయి కనుక అంకెలు కొంత మారతాయి గానీ, మూడింటి మధ్య నిష్పత్తి మారదు. కిలో ధర చూసి డీసీపీయే చవక అనుకునే కొనుగోలుదారు, ఒంటికి పట్టే భాస్వరం కిలోకు ఎంత పడుతోందో లెక్కవేస్తే నిర్ణయం మార్చుకునే అవకాశం ఉంది. ఎరువుల దుకాణంలో దొరికే సూపర్ ఫాస్ఫేట్‌ను మేతలో కలపడం మాత్రం ఈ లెక్కల్లోకే రాకూడని పని. దాని ముడిసరుకైన రాక్ ఫాస్ఫేట్‌లో సహజంగానే ఫ్లోరిన్ ఉంటుంది, మేతలో వాడే ఫాస్ఫేట్ నుంచి దాన్ని తొలగించాకే అమ్మాలి. ఎరువుకు ఆ నిబంధన లేదు. సూపర్ ఫాస్ఫేట్ చోటు చెరువు నీటిలో, చేపలు మేసే సూక్ష్మజీవులైన ప్లవకాల పెంపకం కోసం.

అయితే మోనో కాల్షియం ఫాస్ఫేట్ గొప్పదనమే సంచి మేతలో దాని బలహీనత కూడా. చేప పేగులో అది తేలిగ్గా కరుగుతుంది, ఎందుకంటే అది నీళ్లలోనే తేలిగ్గా కరిగే పదార్థం. రంధ్రాల సంచిలో పొడి పొడిగా ఉన్న తవుడు మీద చల్లిన లవణం, చేప వచ్చి తినే లోపే చెరువు నీటిలోకి జారిపోవడం మొదలవుతుంది. సంచి ఖాళీ కావడానికి పట్టే ప్రతి అరగంటా ఆ జారుడుకు తోడ్పడుతుంది. బాగా కరిగేది నీటి పాలవుతుంది, కరగనిది పేగులోంచి అలాగే బయటకు పోతుంది. మేతను కాస్త తడిపి ముద్ద చేయడం, గంజి వంటి జిగురు పదార్థంతో కట్టడం వల్ల ఈ నష్టం కొంత తగ్గుతుంది. గుళికల మేతలో, ముఖ్యంగా ఆవిరితో ఉడికించి తయారు చేసే తేలే మేతలో, లవణాలు పిండిపదార్థంలో చిక్కుకుని ఉంటాయి కనుక నష్టం ఇంకా తక్కువ. గుళికల మేత మాంసకృత్తుల నాణ్యత గురించి అమ్మకందార్లు చెప్పేది చాలా ఉంటుంది గానీ, తవుడు సంచితో పోలిస్తే ఖనిజాలను నోటి దాకా చేర్చడంలో దానికున్న సౌలభ్యం అంతగా చర్చకు రాదు.

జింక్ కథలో ఫైటేట్ మళ్లీ ప్రతినాయకుడిగా కనిపిస్తుంది. శుద్ధి చేసిన పదార్థాలతో కలిపిన ప్రయోగశాల మేతలో కార్పు చేపకు కిలో మేతకు 15 నుంచి 30 మిల్లీగ్రాముల జింక్ సరిపోతుంది. అదే చెక్కలు, తవుడు, సోయాలతో నిండిన మేతలో 150 మిల్లీగ్రాములో అంతకు మించో కలపాల్సి రావచ్చు. ఫైటేట్ జింక్‌ను పట్టుకుంటుంది. పేగులో కాల్షియం కూడా ఎక్కువగా ఉంటే ఆ మూడూ కలిసి మరింత గట్టి, కరగని ముద్ద అవుతాయి. కాల్షియం దండిగా ఉన్న పశువుల మిశ్రమం చేపకు వృథా కావడంతో ఆగదన్నది ఇందుకే. అది మేతలో ఉన్న కొద్దిపాటి జింక్‌ను కూడా అందకుండా చేస్తుంది. అమెరికాలో 1970 దశకం చివర ట్రౌట్ చేపలకు కంట్లో శుక్లాలు వస్తున్న కారణం వెతికినప్పుడు ఇలాంటిదే బయటపడింది. ఆ చేపల మేతలో ఎముక వాటా ఎక్కువగా ఉన్న తెల్ల చేపల పొడి వాడారు. జింక్ మేతలో ఉన్నా, ఎముకల కాల్షియం, భాస్వరం దాన్ని అడ్డుకున్నాయి. అదనంగా జింక్ కలిపిన మేత తిన్న చేపలకు శుక్లాలు రాలేదు. లోపమనగానే లేకపోవడం అని అనుకుంటాం కానీ, పక్కవాడు లాక్కోవడం కూడా లోపమే అవుతుంది.

ఖనిజ లోపాన్ని పొరబడి చదివిన సందర్భాల్లో అన్నిటికన్నా పాతది, గుర్తుంచుకోదగినది అయోడిన్‌ది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికా చేప పిల్లల కేంద్రాల్లో పెరిగే బ్రూక్ ట్రౌట్ చేపలకు గొంతు కింద గడ్డలు వచ్చేవి. వాటిని థైరాయిడ్ క్యాన్సర్ అనే నమ్మారు. అది చేప నుంచి చేపకు అంటుకుంటుందన్న భయం కూడా ఉండేది. డేవిడ్ మెరైన్, కార్ల్ లెన్‌హార్ట్ 1910లో ప్రచురించిన పరిశీలనల్లో అది మనుషులకు వచ్చే గలగండం లాంటి వాపేనని, నీటిలో కాస్త అయోడిన్ వేస్తే తగ్గుతోందని చూపించారు. ఆ చేపలకు పెడుతున్నది పశువుల కాలేయం, గుండె వంటి మాంసం. తర్వాతి పరిశీలనల్లో సముద్రపు చేప మాంసం పెట్టినా గడ్డలు తగ్గాయి. ఇదే మెరైన్ కొన్నేళ్ల తర్వాత ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణపు బడిపిల్లలకు అయోడిన్ ఇచ్చి గలగండాన్ని నివారించిన వైద్యుడు. మనుషుల వంటింట్లోకి అయోడిన్ ఉప్పు వచ్చిన దారిలో చేపల తొట్టె ఒక మజిలీ అన్నమాట.

ఇనుము, మాంగనీసు, రాగి విషయంలో మన చెరువుల్లో చెప్పుకోదగ్గ ఇబ్బంది పత్తి చెక్క వల్ల వస్తుంది. దానిలోని గాసిపాల్ అనే పదార్థం ఇనుముతో బంధం కట్టి దాన్ని అందకుండా చేస్తుంది. ఇదే గుణాన్ని తిరగేసి, మేతలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపి గాసిపాల్ విషాన్ని అణచడం కూడా తెలిసిన పద్ధతే. అయితే ఇనుము, రాగి లవణాలు మేతలోని నూనెలు ముక్కిపోయేలా చేస్తాయి, విటమిన్ సిని నాశనం చేస్తాయి. విటమిన్లు, ఖనిజాలు అన్నీ ఒకే సంచిలో కలిపి నెలల తరబడి గోదాములో ఉంచిన మిశ్రమంలో, చేపకు చేరే నాటికి విటమిన్లలో ఎన్ని బతికి ఉంటాయన్నది అనుమానమే.

సెలీనియం దగ్గర మాత్రం ఎక్కువైతే నష్టమేముంది అన్న ధోరణి పనికిరాదు. క్యాట్‌ఫిష్‌కు కిలో మేతకు కావలసింది 0.25 మిల్లీగ్రాములు, 15 మిల్లీగ్రాముల దగ్గర అది విషంగా మారుతుంది. అమెరికాలోని ఉత్తర కరోలినాలో బెలూస్ సరస్సులోకి 1970 దశకంలో థర్మల్ విద్యుత్ కేంద్రపు బొగ్గు బూడిద నీరు చేరింది. అందులోని సెలీనియం ఆహార గొలుసులో పేరుకుని, సరస్సులోని 20 చేప జాతుల్లో 19 కనుమరుగయ్యాయి. యూరోపియన్ యూనియన్ మేతలో మొత్తం సెలీనియాన్ని కిలోకు అర మిల్లీగ్రాముకు పరిమితం చేసింది. అవసరానికీ అపాయానికీ మధ్య దూరం తక్కువగా ఉన్న పదార్థాన్ని కూలీ చేతి గుప్పెడు కొలతతో, పొడి మేతలో చేత్తో కలిపి వేయడం ప్రమాదకరం. ఒక సంచిలో అస్సలు పడకపోవచ్చు, పక్క సంచిలో నాలుగింతలు పడవచ్చు. సూక్ష్మ ఖనిజాలను ముందు రెండు మూడు కిలోల తవుడులో బాగా కలిపి, ఆ తర్వాత దాన్ని మొత్తం మేతలో విస్తరించడం కనీస జాగ్రత్త.

చీలేటెడ్ మినరల్స్ పేరుతో ఎక్కువ ధరకు అమ్మేవి అమైనో ఆమ్లాలతో బంధించిన జింక్, రాగి, మాంగనీసు లవణాలు. ఫైటేట్ చేతికి చిక్కకుండా అవి పేగు దాటుతాయన్నది వాటి వెనుక ఉన్న తర్కం, ఆ తర్కం సరైనదే. ఆచరణలో ఫలితాలు మాత్రం ఒకే మాట చెప్పవు. క్యాట్‌ఫిష్ మీద 1995లో వచ్చిన ఒక అధ్యయనం జింక్ మెథియోనిన్ మామూలు జింక్ సల్ఫేట్ కన్నా కొన్ని రెట్లు మెరుగని చూపింది. మరుసటి ఏడాదే, రైతులు నిజంగా వాడే తరహా మేతతో చేసిన మరో అధ్యయనంలో ఆ తేడా కనిపించలేదు. అదనంగా పెట్టే డబ్బుతో మామూలు జింక్ సల్ఫేట్‌నే మరికొంత ఎక్కువగా కలిపితే వచ్చే ఫలితంతో పోల్చి చూడకుండా వీటిని కొనడం నమ్మకం మీద చేసే వ్యాపారం.

ఫైటేట్ తాళాన్నే తీసే ప్రయత్నం ఇంతకన్నా సూటైన మార్గం. ఫైటేజ్ ఎంజైము కోళ్ల మేతలో మామూలు వస్తువైపోయింది. కార్పు చేప దగ్గర దానికి రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, ఆ ఎంజైము ఆమ్ల వాతావరణంలో చురుగ్గా పనిచేస్తుంది, కార్పు పేగులో ఆ వాతావరణం లేదు. రెండు, తేలే మేత తయారీలోని వేడికి అది నిర్వీర్యమవుతుంది కనుక గుళిక చల్లారాక పైన పిచికారీ చేయాలి. మొదటి అడ్డంకికి ముంబయిలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ పరిశోధకులు ఒక దారి చూపారు. శీలావతి పిల్లలకు ఫైటేజ్‌తో పాటు సిట్రిక్ ఆమ్లం, అంటే నిమ్మ ఉప్పు, కలిపి పెట్టినప్పుడు రెండూ ఒకదానికొకటి తోడై పోషకాల జీర్ణతనూ ఎదుగుదలనూ పెంచాయని 2007లో ప్రచురించారు. వేడి తగలని తవుడు మేతకు ఇందులో ఒక అనుకూలత ఉంది. ఎంజైమును ఆమ్లం కలిపిన గోరువెచ్చని నీటిలో కలిపి, తవుడును కొన్ని గంటలు నానబెడితే, తాళం తీసే పని చేప పేగులో కాకుండా తొట్టెలోనే జరుగుతుంది. బెల్లం, ఈస్టు వేసి తవుడును పులియబెట్టడం రొయ్యల రైతులకు అలవాటైన పనే. అలా పులిసే క్రమంలో కూడా ఫైటేట్ కొంతవరకు విడిపోతుంది.

రొయ్యల ప్రస్తావన వచ్చింది కనుక ఒక గందరగోళాన్ని ఇక్కడే విడదీయాలి. ఉప్పదనం తక్కువగా ఉండే బోరు నీటిలో వనామి పెంచే రైతులు పొటాష్, మెగ్నీషియం లవణాలను చెరువు నీటిలో చల్లుతారు. సముద్రపు నీటిలో ఉండే సోడియం, పొటాషియం నిష్పత్తి ఆ నీటిలో లేకపోవడం వల్ల రొయ్య ఒంటి లవణాల సమతూకం తప్పుతుంది, దాన్ని నీటిలోనే సరిచేయాలి. మంచినీటి కార్పుకు ఆ సమస్యే లేదు. పక్క చెరువు రొయ్యల రైతు చల్లుతున్నాడని చేపల చెరువులో మినరల్స్ చల్లడం, జ్వరానికి పక్కింటివారి మందు వేసుకోవడం లాంటిది.

చెరువులో ప్లవకాలు, పురుగులు, అడుగు బురదలోని జీవులు కూడా ఖనిజాలను మోసుకొస్తాయి. ఎకరానికి తక్కువ చేపలున్నప్పుడు, నీరు లేత పచ్చగా ఉన్నప్పుడు ఈ సహజాహారమే చాలా లోటును పూడుస్తుంది. పైపొరలో తిరుగుతూ ప్లవకాలు మేసే బొచ్చెకు ఇందులో వాటా ఎక్కువ, సంచి తవుడు మీద ఎక్కువగా ఆధారపడే శీలావతికి తక్కువ. చేపల సంఖ్య పెంచిన కొద్దీ తలసరి సహజాహారం తరిగి, మేతలోని లోపాలు ఒక్కొక్కటిగా పైకి తేలతాయి. జలాశయాల్లోని పంజరాల్లో, సిమెంటు తొట్లలో పెంచే చేపకైతే ఆ ఆసరా దాదాపు ఉండదు. ఒకే మిశ్రమం ఒక రైతుకు అద్భుతంగా పనిచేసి, మరొకరికి ఏ తేడా చూపకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ రెండు అనుభవాలూ నిజమే కావచ్చు.

ఒంటికి పట్టని భాస్వరం ఎక్కడికీ పోదు, చెరువులోనే ఉంటుంది. చేప మలంలో పోయిన ఫైటేట్‌ను బురదలోని సూక్ష్మజీవులు నెమ్మదిగా విడగొడతాయి, అవసరానికి మించి పట్టిన దాన్ని చేప మూత్రంతో వదిలేస్తుంది. రెండూ చివరికి నాచుకు ఎరువే. నీరు చిక్కటి పచ్చగా మారి, మబ్బు పట్టిన మర్నాడు తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచే పరిస్థితికి, మేతలో మితిమీరి కలిపిన పొడి కూడా తన వంతు తోడ్పడుతుంది. అప్పుడు చేపలు నీరసించాయని మళ్లీ మినరల్ మిక్చర్ మోతాదు పెంచడం అసాధారణమేమీ కాదు.

ఇంతటి అనిశ్చితిలో కొనుగోలుదారుకు దొరికే సమాచారం సంచి మీద ముద్రించిన అంకెలే. అవి మొత్తం కాల్షియం, మొత్తం భాస్వరం ఎంతో చెబుతాయి. ఆ భాస్వరం ఏ లవణం రూపంలో ఉందో చాలాసార్లు చెప్పవు. కార్పు చేప విషయంలో ఆ ఒక్క వివరం మీదే 13కూ 94కూ మధ్య తేడా ఆధారపడి ఉంది కనుక, అమ్మేవారిని మొదట అడగవలసిన ప్రశ్న అదే. మిశ్రమం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి కాటా మీది బరువు ఒక్కటే చాలదు, ఎందుకంటే భాస్వరం చాలని చేప కొవ్వు పట్టి గుండ్రంగా, కొనేవారి కంటికి ఇంపుగానే కనిపించవచ్చు. పట్టుబడి రోజున మిశ్రమం వాడిన చెరువు నుంచి కొన్ని, వాడని చెరువు నుంచి కొన్ని చేపలను ఒకే సైజులో ఎంచి, వాటి వెన్నెముకలను శుభ్రం చేసి, కొవ్వు తీసి, కాల్చి, మిగిలిన బూడిదను తూచి, అందులోని భాస్వరాన్ని కొలిస్తే జవాబు దొరుకుతుంది. ఎముకలో బూడిద శాతం తగ్గితే, బరువు ఎంత ఉన్నా, ఆ చేప పొలుసులోంచీ ఎముకలోంచీ అప్పు తెచ్చుకుని పెరిగిందన్నమాట.